మారా సఫారీ: గేటు దాటక ముందే తేలే నాణ్యత

కెన్యాలోని మసాయ్ మారా వన్యప్రాణి అభయారణ్యానికి తీసుకువెళ్ళే సంస్థలకు రాజధాని నైరోబీలో కొదవ లేదు. అన్నిటి ప్రకటనల్లోనూ అవే సింహాలు, అవే గుడారాలు, అదే సూర్యాస్తమయం ఉంటాయి కనుక ఏది మంచి సంస్థో ఆ ఫోటోలను బట్టి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. అభయారణ్యం గేటు దాటాక ఏ వాహనం ముందు చిరుతపులి కనిపిస్తుందన్నది ఏ సంస్థ చేతిలోనూ లేదు. అందుకే డబ్బు కట్టిన నాటి నుంచి గేటు దాటే నాటి వరకు ప్రయాణికుణ్ణి అది ఎంత శ్రద్ధగా సిద్ధం చేస్తుందన్నదే నా దృష్టిలో అసలైన కొలత. నైరోబీ కేంద్రంగా పనిచేసే ఒక మధ్యస్థాయి సంస్థ సేవను ఆ కొలతతోనే ఇక్కడ పరిశీలిస్తున్నాను. మెప్పులతో పాటు ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. ఏ సంస్థతో మాట్లాడేటప్పుడైనా ఈ ప్రశ్నలే అడగవచ్చు.

మొదట పత్రాల సంగతి. కెన్యాలో పర్యాటక వ్యాపారం చేసే సంస్థకు టూరిజం రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సు తప్పనిసరి. కెన్యా అసోసియేషన్ ఆఫ్ టూర్ ఆపరేటర్స్‌లో సభ్యత్వం తప్పనిసరి కాకపోయినా, ఉంటే కొంత ధైర్యం. ఈ సంస్థ బయానా తీసుకోవడానికి ముందే, మేము అడగకుండానే, లైసెన్సు ప్రతిని పంపింది. దానితో పాటు మాకు కేటాయించిన డ్రైవర్ గైడ్ వివరాలనూ, ఆయన కెన్యా ప్రొఫెషనల్ సఫారీ గైడ్స్ అసోసియేషన్ పరీక్షలో ఏ స్థాయి దాటారన్నదీ తెలియజేసింది. ఆ సంఘం కంచు, వెండి, బంగారు స్థాయిలలో పరీక్షలు పెడుతుంది. మా గైడ్‌ది వెండి స్థాయి. చాలా సంస్థలు గైడ్ ఎవరన్నది బయల్దేరే ఉదయం వరకు చెప్పవు. సఫారీలో హోటల్ కంటే, భోజనం కంటే, ఒక్కోసారి వాహనం కంటే కూడా గైడే ముఖ్యం కనుక, ఈ ఒక్క విషయంలోనే ఈ సంస్థకు నేను సగం మార్కులు వేస్తాను.

ప్రయాణానికి కొన్నాళ్ళ ముందు ఆ గైడ్ స్వయంగా ఫోన్ చేశారు. ఏ జంతువులు చూడాలని ఉందన్న మామూలు ప్రశ్న కంటే ముందు, ‘మీలో నడుము నొప్పి ఉన్నవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగారు. ల్యాండ్ క్రూజర్‌లో వెనుక ఇరుసు మీదికి వచ్చే సీట్లకు కుదుపు ఎక్కువ. ముందు వరుసకు తక్కువ. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయన ముందే నిర్ణయించుకోదలిచారు. తరువాత కెమెరాలు ఎన్ని, చిన్న పిల్లలు ఉన్నారా, తెల్లవారుజామున లేవడం ఎవరికైనా కష్టమా అన్నవి ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. ఇంత ఓపికగా అడిగే మనిషి గడ్డిలో చెవి మొన కదిలినా గమనిస్తాడన్న నమ్మకం నాకు ఆ ఫోన్‌లోనే కలిగింది.

వాహనం దగ్గరికి వస్తే పొగడ్త కొంచెం తగ్గించుకోవాలి. మారాలో ప్రధానంగా రెండు రకాల బండ్లు తిరుగుతాయి. ఒకటి పైకప్పు ఎత్తగలిగే మినీ వ్యాన్, రెండవది అదే రకం పైకప్పుతో పొడవు పెంచిన ల్యాండ్ క్రూజర్. వానలు లేని కాలంలో వ్యాన్ కూడా నెట్టుకొస్తుంది. కానీ మారాలో చాలా భాగం నల్లరేగడి నేల. వాన పడిందంటే ఆ మట్టి చక్రాలకు ముద్దలుగా పట్టుకుని బండిని ఎటూ కదలనివ్వదు. మార్చి నుంచి మే వరకు పెద్ద వానలు, నవంబరు, డిసెంబరు నెలల్లో చిన్న వానలు కురిసే ఆ ప్రాంతంలో నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి లేకపోతే సగం రోజు ఇతరులు వచ్చి లాగేదాకా ఎదురుచూడడంతోనే సరిపోతుంది. సంస్థ పంపిన ఒప్పందంలో ‘ల్యాండ్ క్రూజర్ లేదా తత్సమాన వాహనం’ అని ఉంది. ఆ ‘తత్సమాన’ అనే మాటలో వ్యాన్ కూడా హాయిగా దూరిపోతుంది. మేము పట్టుబట్టగా ల్యాండ్ క్రూజరే ఇస్తామని, ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉంటుందని ఉత్తరంలో రాశారు, ఇచ్చారు కూడా. అయినా ఒప్పందంలో ఆ మాటను మాత్రం మార్చలేదు. అడిగినవారికి ఒక న్యాయం, అడగనివారికి మరొకటి అన్న పద్ధతి నాకు నచ్చలేదు.

ప్రయాణానికి ముందు సంస్థ పంపిన సన్నాహక పత్రంలో సామాను గురించిన భాగం అన్నిటికంటే బాగుంది. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మార్గాన, రిఫ్ట్ లోయ అంచు దిగి నారోక్ పట్టణం మీదుగా సెకెనానీ గేటు చేరడానికి 5, 6 గంటలు పడుతుంది. విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళితే గంటలోపే ప్రయాణం. అయితే ఆ విమానాలలో సాధారణంగా మనిషికి 15 కిలోల సామానే అనుమతిస్తారు. ఆ 15 కిలోలలోనే చేతి సంచీ, కెమెరా కూడా కలుస్తాయి. పెట్టె గట్టిగా ఉంటే విమానం పొట్టలోని ఇరుకు అరలో పట్టదు కాబట్టి మెత్తటి సంచీలే తేవాలి. ఇవన్నీ చాలామంది చెప్పేవే. ఈ సంస్థ మరో అడుగు ముందుకు వేసి, పెద్ద పెట్టెలను నైరోబీలోని తమ కార్యాలయంలో భద్రపరిచి తిరుగు ప్రయాణంలో ఇచ్చే ఏర్పాటు చేసింది. కెమెరా సామాను ఎక్కువగా ఉన్నవారు రెండవ సీటుకు డబ్బు కట్టి బరువు పెంచుకోవచ్చునని కూడా రాసింది. శిబిరాలలో చాలావరకు బట్టలు ఉతికి ఇస్తారు కనుక మూడు జతలకు మించి తేవద్దన్న సలహా మొదట పిసినారితనంలా అనిపించినా, అక్కడికి వెళ్ళాక దాని విలువ తెలుస్తుంది.

ప్లాస్టిక్ విషయంలో కెన్యా చట్టం ఎంత కఠినమో చాలామందికి తెలియదు. 2017 ఆగస్టు 28 నుంచి ప్లాస్టిక్ క్యారీ సంచీలు దేశమంతటా నిషిద్ధం. 2020 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే నీళ్ళ సీసాలు, కప్పులు, స్ట్రాలు రక్షిత ప్రాంతాలలోకి తేకూడదు. విమానాశ్రయం దుకాణంలో సరుకు కొని ప్లాస్టిక్ సంచీలో వేసుకుని దిగేవారిని ఉద్దేశించి, ఆ సంచీని విమానంలోనే వదిలేయమని పత్రంలో పెద్ద అక్షరాలతో ముద్రించారు. దిగిన వెంటనే ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీలు సీసా పెట్టారు. వాహనంలో మంచినీళ్ళ డబ్బా ఉంది. చిన్న ఖర్చే అయినా, చట్టాన్ని ప్రయాణికుడి నెత్తిన పడేసి చేతులు దులుపుకోకుండా దాన్ని పాటించే దారి కూడా చూపించారు. డ్రోన్ తేవద్దన్న హెచ్చరిక కూడా అలాగే స్పష్టంగా ఉంది.

బట్టల గురించిన పేజీ మాత్రం సగం నిజం, సగం పుక్కిటి పురాణం. ఉదయం చలిగా ఉంటుందని, ఒకదానిపై ఒకటి వేసుకుని ఎండ ఎక్కే కొద్దీ విప్పుకోగల బట్టలు తెచ్చుకోమని చెప్పడం సరైనదే. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నా మారా మైదానాలు సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పైకప్పు ఎత్తిన బండిలో తెల్లవారుజాము గాలికి ఉన్ని టోపీ కూడా భారం కాదు. ముదురు నీలం, నలుపు వద్దన్న మాటకూ కారణం ఉంది: సెట్సీ అనే కుట్టే ఈగలను ఆ రంగులు ఆకర్షిస్తాయి, వాటిని పట్టే ఉచ్చులను కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కుడతారు. తెలుపు వద్దనడానికి దుమ్మే కారణం. ఎరుపు వేసుకుంటే మృగాలు రెచ్చిపోతాయన్న వాక్యం మాత్రం తీసేయాలి. సింహానికైనా జింకకైనా మనకున్నంత స్పష్టంగా ఎరుపు కనబడదు; అంతకు మించి, ఆ నేల మీదే ఎర్రటి షూకా కప్పుకుని మసాయ్ కాపరులు తరతరాలుగా పశువులను మేపుకుంటున్నారు. దానికి బదులు సైనికుల మచ్చల దుస్తులు కొన్ని ఆఫ్రికా దేశాలలో పౌరులు ధరించకూడదన్న సంగతి రాసి ఉంటే, జింబాబ్వే వంటి చోటికి కూడా వెళ్ళదలచినవారికి ఉపయోగపడేది.

ఆరోగ్యం గురించి వారు రాసింది రెండు వాక్యాలే, ఆ రెండూ ఆలస్యంగానే అందుతాయి. ‘మలేరియా మాత్రలు వేసుకోండి, పసుపు జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా ధ్రువపత్రం వెంట ఉంచుకోండి’ అంటే చాలదు. పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం టీకా వేసిన పదవ రోజు నుంచే చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటయ్యేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధన మార్చింది. కెన్యా నుంచి మరో దేశానికి వెళ్ళేటప్పుడు ఆ పత్రం అడిగే దేశాలు ఎన్నో ఉన్నాయి కనుక, దాన్ని చివరి వారానికి వదిలేస్తే ప్రయాణమే చిక్కుల్లో పడుతుంది. మలేరియా మాత్రలూ ఒకే రకం కాదు. అటోవాక్వోన్, ప్రోగువానిల్ కలిసిన మాత్రను ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక ఒక వారం వాడాలి. డాక్సీసైక్లిన్‌ను తిరిగి వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. పైగా అది కొందరి చర్మాన్ని ఎండకు సున్నితంగా మారుస్తుంది. రోజంతా తెరిచిన పైకప్పు కింద నిలబడేవారికి ఈ తేడా తెలియకపోతే ఎలా? ఏ మందు ఎవరికి సరిపడుతుందో వైద్యుడే చెప్పాలి, నిజమే. కనీసం రెండు నెలల ముందు ఆయన్ని కలవమని గుర్తు చేయడం మాత్రం సంస్థ పని. ఆ గుర్తు చేసే ఉత్తరం మాకు బయల్దేరడానికి చాలా దగ్గరలో వచ్చింది.

దీనికి విరుగుడుగా ఒక మంచి పని చేశారు. అడవిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే నైరోబీకి విమానంలో తరలించే ఆంరెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ రక్షణను ప్యాకేజీలోనే చేర్చారు. 1957లో మొదలైన ఆ సేవ విల్సన్ విమానాశ్రయం నుంచే నడుస్తుంది. అది తరలింపుకే గాని ఆసుపత్రి ఖర్చుకు కాదని, విడిగా ప్రయాణ బీమా ఉండాలని పత్రంలో నిజాయితీగా రాశారు.

ప్రవేశానుమతి విషయంలో చెప్పుకోవలసింది కొంచెమే. 2024 జనవరిలో కెన్యా వీసాలను ఎత్తేసి, వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్ తెచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే దరఖాస్తు చేసుకోవాలి. సంస్థ శిబిరం బుకింగ్ పత్రాన్ని దరఖాస్తుకు కావలసిన రూపంలోనే పంపింది. ఇబ్బంది కలగలేదు.

ఎప్పుడు వెళ్ళాలన్న ప్రశ్నకు వారిచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటీ మైదానాల నుంచి లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు (పెద్ద జింక జాతి జంతువులు) మారాలోకి వచ్చే కాలం సుమారుగా జులై నుంచి అక్టోబరు వరకు. మారా నదిని అవి దాటే దృశ్యం కోసమే చాలామంది లక్షలు పోసి వస్తారు, దాన్ని ఖాయంగా చూపిస్తామని చెప్పి డబ్బు గుంజే దళారులూ ఉన్నారు. ఈ సంస్థ అలాంటి హామీ ఇవ్వలేదు. మందలు వానను, పచ్చికను వెతుక్కుంటూ తిరుగుతాయని, ఒడ్డుకు వచ్చి గంటల తరబడి నిలబడి వెనక్కి మళ్ళిపోవడం కూడా మామూలేనని, ఓపిక లేనివారు ఆ ఒక్క దృశ్యం కోసం రావద్దని రాసింది. వ్యాపారం పోతుందని తెలిసి కూడా ఇలా రాయగలిగిన సంస్థను నమ్మవచ్చు.

మారాలోనే రెండు రకాల ప్రదేశాలు ఉన్నాయన్న వివరణ కూడా స్పష్టంగా ఉంది. సుమారు 1,510 చదరపు కిలోమీటర్ల నేషనల్ రిజర్వ్ ఒకటి. దాని ఉత్తర, తూర్పు అంచుల్లో మసాయ్ భూయజమానుల నుంచి కౌలుకు తీసుకుని నడిపే నబోయిషో, ఒలారే మొటోరోగి, మారా నార్త్ వంటి కన్జర్వెన్సీలు, అంటే ప్రైవేటు సంరక్షణ ప్రాంతాలు, మరొకటి. రిజర్వ్‌లో దారి వదిలి బండి తోలకూడదు, రాత్రి తిరగకూడదు. కన్జర్వెన్సీలలో బండ్లు తక్కువ. రాత్రి సఫారీ, గైడ్ వెంట కాలినడక వంటివి సాధ్యం. ఖర్చు మాత్రం ఎక్కువ. ఎవరికి ఏది సరిపోతుందో సంస్థ మా కోరికలు చూసి సూచించిందే తప్ప ఖరీదైనదాని వైపు నెట్టలేదు.

ఇక డబ్బు విషయం. నా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది. మారా రిజర్వ్‌ను నారోక్ కౌంటీ ప్రభుత్వం నిర్వహిస్తుంది. రుసుము కూడా అదే నిర్ణయిస్తుంది. 2024 నుంచి విదేశీ వయోజనులకు జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. లోపలి శిబిరాలలో బస చేసినవారు బయల్దేరే రోజు ఉదయం 10 గంటలకల్లా గేటు దాటకపోతే మరో రోజు రుసుము పడుతుంది. సంస్థ ఇచ్చిన ధరలో ‘పార్కు రుసుము సహా’ అని ఒక్క మాట ఉంది. ఎన్ని రోజులకు, ఏ గంట వరకు అన్నది లేదు. అంతటితో ఆగకుండా చివరి రోజు కార్యక్రమంలో మధ్యాహ్నం దాకా సఫారీ పెట్టారు. గేటు దగ్గర సిబ్బంది నియమం ప్రకారమే అదనపు రుసుము అడిగారు. వారిని తప్పు పట్టడానికి ఏమీ లేదు. ప్రతిరోజూ అదే గేటు దాటే సంస్థకు ఆ నియమం తెలియదనుకోవడం కష్టం. శిబిరం గేటు బయట ఉంటే రోజూ కొత్త టికెట్ కొనాలన్న సంగతీ ధరల పట్టికలో ఎక్కడా లేదు. చవక శిబిరమని ఎంచుకున్నవారికి చివరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బైనాక్యులర్స్ గురించి వారు చెప్పింది చదివి, వీరెవరో నిజంగా అడవిలో తిరిగినవారే అనుకున్నాను. 8 రెట్లు పెంచి చూపే 42 మిల్లీమీటర్ల రకం తెచ్చుకోమన్నారు. 10 రెట్లది దూరాన్ని ఇంకా దగ్గర చేసినా, చేతి వణుకును కూడా అంతే పెంచుతుంది; ఇంజిన్ ఆపని బండిలో అది మరీ అధ్వానం. తెల్లవారుజామున, సాయంత్రం వెలుగు తక్కువగా ఉన్నప్పుడు 8 రెట్లది ఎక్కువ వెలుగును కంటికి చేరుస్తుంది కూడా. ప్రతి మనిషికీ ఒక జత ఉండాలన్నది అంతకంటే విలువైన సలహా. గైడ్ వేలు చూపించిన దిక్కున అకేషియా కొమ్మ మీద చిరుతపులి తోక మాత్రమే వేలాడుతుంటుంది; పక్కవారి చేతిలోంచి బైనాక్యులర్స్ మన చేతికి వచ్చేసరికి ఆ తోక ఉండదు. అద్దెకు ఇస్తామన్న జతలు మాత్రం అరిగిపోయి ఉన్నాయి. ఒకదాని కుడి కటకం లోపల దుమ్ము పొర స్పష్టంగా కనిపించింది. వారి సలహా పాటించదలచినవారు సొంత జత తెచ్చుకోవడం మేలు.

కెమెరాకు త్రిపాద స్టాండు బరువు చేటు. పైకప్పు అంచు మీద పరుచుకోవడానికి బియ్యం నింపిన గుడ్డ సంచీలను సంస్థే ఇచ్చింది; బరువైన లెన్సు వాటి మీద కదలకుండా కూర్చుంటుంది. లెన్సులు మార్చుకుంటూ ఉంటే దుమ్ము లోపలికి చేరుతుంది కనుక, దూరానికీ దగ్గరికీ పనికొచ్చే 100 నుంచి 400 మిల్లీమీటర్ల జూమ్ ఒకటి కెమెరాకు బిగించి ఉంచి, వెడల్పు దృశ్యాలకు ఫోన్ వాడుకోవడం ఉత్తమం. కెన్యాలో ప్లగ్గుకు దీర్ఘచతురస్రాకారపు కాళ్ళు మూడు ఉంటాయి. శిబిరాలలో కొన్నిచోట్ల కరెంటు కొన్ని గంటలే ఇస్తారు కాబట్టి అదనపు బ్యాటరీలు అవసరం.

పార్కు నియమాల పేజీని వారు ప్రయాణికుడి చేత సంతకం చేయిస్తారు. మొదట వింతగా తోచినా, అందులో పెద్ద వివేకం ఉంది. ఒక సింహం చుట్టూ ఒకేసారి అయిదు బండ్లకు మించి నిలవరాదు, ఇతరులు వేచి ఉంటే పది నిమిషాలకే తప్పుకోవాలి, జంతువుకు 25 మీటర్ల దూరం పాటించాలి. ఈ నియమాలను తప్పేది ఎక్కువగా గైడ్ల అత్యాశ వల్ల కాదు, వెనుక కూర్చుని ఇంకా దగ్గరికి పోనివ్వమని పోరే అతిథుల వల్ల, వారిచ్చే టిప్పు తగ్గుతుందన్న భయం వల్ల. సంతకం చేసిన కాగితం గైడ్‌కు కాదనే బలం ఇస్తుంది. ఆ కాగితం వెనుక స్వాహిలీలో జంతువుల పేర్లు అచ్చువేశారు: సింహం సింబా, చిరుతపులి చుయీ, చీతా దుమా, ఖడ్గమృగం కిఫారు. రేడియోలో గైడ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఈ పేర్లతోనే కాబట్టి, దుమా అని వినబడగానే మా బండిలో అందరి చేతులూ బైనాక్యులర్స్ మీదికి వెళ్ళేవి.

తిరిగి వచ్చాక రుసుము విషయమై రాసిన ఉత్తరానికి సంస్థ వారం లోపే జవాబిచ్చింది. అదనంగా కట్టించుకున్నదానిలో సగం తిరిగి పంపి, మిగతా సగానికి కార్యక్రమంలో ‘సమయాలు మారవచ్చు’ అని ముందే రాశామన్న వాక్యాన్ని అడ్డం పెట్టుకుంది. కొత్తగా పంపుతున్న పత్రంలో ఉదయం 10 గంటల నియమం, గేటు బయటి శిబిరాల లెక్క రెండూ చేరాయి. ‘తత్సమాన వాహనం’ అన్న మాట మాత్రం ఇంకా అక్కడే ఉంది. సంతకం పెట్టే ముందు దాన్ని కొట్టించి, వాహనం రకాన్ని, కిటికీ సీటును ఒప్పందంలోనే రాయించుకోవాలి.